డెస్క్‌టాప్‌కి వైఫై అడాప్టర్: ఏది కొనాలి, ఎలా బిగించాలి, ఎలా సరిచూసుకోవాలి

“ఇంట్లో వైఫై ఉంది. ఫోన్లు, టీవీ బాగానే పనిచేస్తున్నాయి. డెస్క్‌టాప్‌కి మాత్రం వైఫై లేదు. ఏ డాంగిల్ కొనమంటారు?”

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు కావలసింది ఒక మోడల్ పేరు. చెప్పేయవచ్చు, కానీ పెద్దగా లాభం ఉండదు. ఒకే డాంగిల్ ఒక ఇంట్లో 250 ఎంబీపీఎస్ ఇస్తుంది, పక్కింట్లో 20 దాటదు. తేడా చాలావరకు రౌటర్ దగ్గర, సీపీయూ పెట్టిన చోట, డాంగిల్ గుచ్చిన పోర్టులో ఉంటుంది. అందుకే ముందు రౌటర్ చూడండి, తర్వాత సీపీయూ చూడండి, ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది సిమ్ వేసుకునే నెట్ డాంగిల్ గురించి కాదు. ఇంట్లో ఇప్పటికే ఉన్న వైఫైని డెస్క్‌టాప్ అందుకోవడానికి పెట్టే అడాప్టర్ గురించి. బాక్సు మీద “5జీ” అని ఉన్నా అది 5 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే, మొబైల్ 5జీతో దానికి సంబంధం లేదు.

అసలు కొనాలా?

రౌటర్, సిస్టమ్ ఒకే గదిలో ఉంటే అడాప్టర్ జోలికి పోకండి. ఒక క్యాట్ 6 ల్యాన్ కేబుల్ తెచ్చి గోడ వెంబడి క్లిప్పులు కొట్టించుకోండి. ఏ వైఫై అయినా దాని తర్వాతే.

సీపీయూ వెనక వైపు కూడా ఒకసారి చూడండి. యూఎస్‌బీ పోర్టుల పక్కన మరలు ఉన్న బంగారు రంగు పిన్నులు రెండు బయటికి పొడుచుకొని కనిపిస్తే మీ మదర్‌బోర్డులో వైఫై ముందే ఉంది. అసెంబుల్ చేసినప్పుడు యాంటెనాలు మదర్‌బోర్డు డబ్బాలోనే ఉండిపోతాయి, ఆ డబ్బా అటక ఎక్కుతుంది. యాంటెనా లేకపోయినా దగ్గర్లోని నెట్‌వర్క్ ఒకటో రెండో కనిపిస్తాయి కాబట్టి “బోర్డు వైఫై వేస్ట్” అనుకొని కొత్త డాంగిల్ కొంటారు. అటక మీద వెతకండి, డబ్బు మిగులుతుంది.

ఒకటి రెండు రోజుల అవసరమే అయితే ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ఫోన్‌ని వైఫైకి కలిపి, డేటా కేబుల్‌తో సిస్టమ్‌కి గుచ్చి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోనే అడాప్టర్‌లా పనిచేస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, డ్రైవర్ల (అడాప్టర్‌ని సిస్టమ్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక ఫోన్, అందులో వైఫై అనలైజర్ లాంటి యాప్
- రౌటర్ మోడల్ పేరు (కింద స్టిక్కర్ మీద ఉంటుంది), దాని అడ్మిన్ పాస్‌వర్డ్
- యూఎస్‌బీ అడాప్టర్ అయితే ఒక మీటరు యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్
- లోపల బిగించే కార్డు అయితే స్టార్ స్క్రూడ్రైవర్
- డ్రైవర్ కాపీ చేసుకోవడానికి పెన్ డ్రైవ్

1. రౌటర్ ఏమివ్వగలదో చూడండి

స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్ నెట్‌లో కొట్టి రెండు విషయాలు తెలుసుకోండి. ఒకటి, వైఫై నడిచే రేడియో బ్యాండ్లలో అది ఒక్క 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇస్తుందా, 5 గిగాహెర్ట్జ్ కూడా ఇస్తుందా. రెండు, అది వైఫై 4, 5, 6లలో ఏది. బాక్సుల మీద ఇవే 802.11ఎన్, ఏసీ, ఏఎక్స్ అనే పేర్లతో కనిపిస్తాయి.

కేబుల్ వాళ్లు కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రౌటర్లలో పాతవి చాలావరకు 2.4 మాత్రమే ఇస్తాయి. అలాంటి రౌటర్ ఉన్న ఇంటికి వైఫై 6 కార్డు కొన్నా వచ్చేది పాత స్పీడే. ముందు రౌటర్ మార్చండి, లేదా ప్రొవైడర్‌ని డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ ఇచ్చే) ఓఎన్‌టీ, అంటే ఫైబర్ వచ్చి కలిసే రౌటర్ పెట్టె ఇమ్మని అడగండి. చాలామందికి అడిగితే ఇస్తారనే తెలియదు.

మీ ప్లాన్ కూడా చూసుకోండి. 30 లేదా 40 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మూడు వేల కార్డు దండగ.

2. సిస్టమ్ దగ్గర సిగ్నల్ కొలవండి

ఫోన్ తీసుకెళ్లి సీపీయూ వెనక, అడాప్టర్ ఉండబోయే చోటే పెట్టండి. కుర్చీలో కూర్చుని చేత్తో పట్టుకొని చూస్తే లెక్క తప్పుతుంది. యాప్‌లో 2.4, 5 రెండింటి సిగ్నల్ విడివిడిగా చూడండి. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ మంచిది. మైనస్ 50 అంటే భేషుగ్గా ఉన్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్స్‌కి ఇబ్బంది లేదు. మైనస్ 75 దాటితే ఏ అడాప్టర్ పెట్టినా తంటాలే.

మన ఇళ్లలో సిగ్నల్‌ని చంపేవి ముఖ్యంగా మూడు: ఆర్‌సీసీ స్లాబు, స్టీల్ బీరువా, కిటికీలకున్న స్టీల్ దోమల మెష్. రౌటర్ హాల్లో ఉండి సిస్టమ్ బెడ్‌రూమ్‌లో బీరువా పక్కన ఉంటే సిగ్నల్ దారికి బీరువా అడ్డొస్తోందేమో చూడండి. బీరువా జరపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే సీపీయూని బల్ల రెండో వైపుకి మార్చినా తేడా కనిపిస్తుంది. కొనకముందే ఈ పని చేయండి.

రౌటర్ కింద, సిస్టమ్ మేడ మీద ఉండి సిగ్నల్ మైనస్ 80కి పడిపోయిందా? అడాప్టర్ ఆలోచన పక్కన పెట్టండి. పైకి ఒక ల్యాన్ కేబుల్ లాగించి అక్కడ పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకుంటే డెస్క్‌టాప్‌తో పాటు పై అంతస్తులో ఫోన్లు కూడా బాగుపడతాయి.

3. సీపీయూలో ఏముందో చూడండి

మొదట పోర్టులు. లోపల నీలం రంగు ఉన్నవి సాధారణంగా యూఎస్‌బీ 3.0, నలుపు లేదా తెలుపు ఉన్నవి 2.0. సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ తిరుగుతున్న పాత ఇంటెల్ హెచ్61 మదర్‌బోర్డుల చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3.0 లేదు. తయారీదారు వేరే చిప్ పెట్టి ఉంటే తప్ప వాటిలో నీలం పోర్టు కనిపించదు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 480 ఎంబీపీఎస్, చేతికొచ్చేది 300 చుట్టుపక్కల. అంతకంటే పెద్ద అడాప్టర్ దానికి గుచ్చితే పెట్టిన డబ్బుకి ఫలితం రాదు.

తర్వాత లోపల బిగించే వైఫై కార్డు కోసం స్లాట్. పక్క మూత తీస్తే మదర్‌బోర్డు మీద పొట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ) ఎక్స్1 స్లాట్ కనిపిస్తుంది. అది ఖాళీగా ఉండాలి. లేకపోతే పొడవాటి ఎక్స్4, ఎక్స్16 స్లాట్లలో కూడా ఈ కార్డు పనిచేస్తుంది. చాలా ఇళ్లలో స్లాట్ ఉంటుంది గానీ లావుపాటి గ్రాఫిక్స్ కార్డు దాన్ని కప్పేసి ఉంటుంది. పాత కార్పొరేట్ స్లిమ్ డెస్క్‌టాప్‌లకైతే పొట్టి బ్రాకెట్ కావాలి. కార్డు బాక్సులో లో ప్రొఫైల్ బ్రాకెట్ ఇస్తున్నారో లేదో ముందే అడగండి.

చివరిగా విండోస్. వైఫై 6 అడాప్టర్లకు డ్రైవర్లు ఎక్కువగా విండోస్ 10, 11కే వస్తాయి. ఇంకా విండోస్ 7 వాడుతుంటే వైఫై 5 అడాప్టర్ తీసుకోండి, అదీ కంపెనీ వెబ్‌సైట్‌లో విండోస్ 7 డ్రైవర్ ఉందో లేదో చూశాకే.

4. రకం ఎంచుకోండి

గోరంత నానో డాంగిల్ అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే చవక. నా మాట వింటే డెస్క్‌టాప్‌కి దాన్ని కొనకండి. అది ల్యాప్‌టాప్ పక్కన ఉండటానికి చేసిన వస్తువు. డెస్క్‌టాప్‌లో దాన్ని సీపీయూ వెనక గుచ్చుతారు. ముందు ఇనుప డబ్బా, వెనక గోడ, మధ్యలో వైర్ల చిక్కు. అందులో యాంటెనాకి దొరికేది వేలెడంత చోటు. రౌటర్ అదే గదిలో ఉండి, బిల్లులు కట్టడానికీ మెయిల్ చూసుకోవడానికీ మాత్రమే అయితే సరే.

యాంటెనా ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ ఎక్కువ ఇళ్లకు సరిపోతుంది. డ్యూయల్ బ్యాండ్, ఏసీ1200 లేదా ఏసీ1300, యూఎస్‌బీ 3.0 ఉన్నది చూడండి. కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చుకోవచ్చు, రేపు సిస్టమ్ మారిస్తే దానికీ పనికొస్తుంది.

గేమింగ్, పెద్ద ఫైళ్లు, రోజంతా ఆఫీసు కాల్స్ ఉంటే లోపల బిగించే పీసీఐఈ కార్డు తీసుకోండి. యూఎస్‌బీ అడాప్టర్లలా వేడెక్కి మధ్యలో డిస్కనెక్ట్ అయ్యే గొడవ దీనిలో తక్కువ. చాలా కార్డుల్లో బ్లూటూత్ కూడా కలిసి వస్తుంది. ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 చిప్ ఉన్న కార్డులు ఏ ప్రాసెసర్‌తోనైనా పనిచేస్తాయి. యాంటెనాలు కార్డుకే బిగించేవి కాకుండా, వైరుతో విడిగా వచ్చి బల్ల మీద పెట్టుకునే స్టాండ్ ఉన్నది దొరికితే రెండో ఆలోచన వద్దు.

మదర్‌బోర్డులో వైఫై కోసం ఎం.2 అనే చిన్న స్లాట్ ఉందని విడి చిప్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఏఎక్స్201, ఏఎక్స్211 అనేవి వాటిని సపోర్ట్ చేసే ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి. ఏఎమ్‌డీ సిస్టమ్‌లో పెడితే గుర్తించవు. చివరి అంకె 0నా 1నా అన్నది చూసి కొనండి.

5. డబ్బా మీద అంకెలు ఎలా చదవాలి

ఏసీ600, ఏసీ1200, ఏఎక్స్3000 లాంటి అంకెలు రెండు బ్యాండ్లనూ కూడి వేసినవి. మీరు ఒకసారికి ఒక బ్యాండే వాడతారు. కాబట్టి విడగొట్టి చూడాలి.

- ఎన్150: 2.4 మాత్రమే. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ పది వైఫైలు ఉంటే లింక్ (అడాప్టర్‌కీ రౌటర్‌కీ మధ్య స్పీడ్) 72కి పడుతుంది, చేతికి 40 వస్తే గొప్ప.
- ఏసీ600: 5 గిగాహెర్ట్జ్‌లో 433. నిజంగా వచ్చేది 200 పైచిలుకు. 100 ప్లాన్‌కి బాగా చాలు.
- ఏసీ1200, ఏసీ1300: 5 గిగాహెర్ట్జ్‌లో 867. దగ్గర్లో, యూఎస్‌బీ 3.0 మీద 400 దాటుతుంది.
- ఏఎక్స్1800: 5 గిగాహెర్ట్జ్‌లో 1201.
- ఏఎక్స్3000: 2402. కానీ ఇది రావాలంటే రౌటర్ 160 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పు ఇవ్వాలి, లేకపోతే ఇదీ 1201 దగ్గరే ఆగుతుంది.

వైఫై 6ఈ, 7 అని రాసి ఉంటే దానికి తగ్గ రౌటర్ మీ ఇంట్లో ఉంటేనే అదనంగా డబ్బు పెట్టండి. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ విండోస్ 10లో రాదు, విండోస్ 11 ఉండాలి.

6. చిప్ పేరు, వెర్షన్ అడగండి

ఒకే మోడల్ పేరుతో లోపల చిప్ మార్చి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్. బయటికి పేరు ఒకటే. పాత రివ్యూ చదివి కొన్నవాళ్ల చేతికి వేరే సరుకు వచ్చింది. స్టిక్కర్ మీద వీ1, వీ2 అని చిన్నగా రాసి ఉంటుంది, డ్రైవర్ కూడా ఆ వెర్షన్‌దే దించుకోవాలి.

ఉబుంటు, లినక్స్ మింట్ వాడేవాళ్లకు ఈ మెట్టు ప్రాణం. మీడియాటెక్ ఎంటీ7612యూ, ఎంటీ7921ఏయూ చిప్‌లకు డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది, కొత్త కెర్నల్ అయితే గుచ్చగానే పనిచేస్తాయి. రియల్‌టెక్ ఏసీ డాంగిల్స్‌కి పాత కెర్నల్‌లో డ్రైవర్ విడిగా కంపైల్ చేయాల్సి వస్తుంది, కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా అది ఆగిపోయే టెన్షన్ ఒకటి.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో కొంటుంటే కౌంటర్ దగ్గరే బాక్సు విప్పించి వెర్షన్ చూడండి. కంపెనీ పేరే లేకుండా “802.11ఎన్” అని మాత్రమే అచ్చేసిన డాంగిల్స్ అక్కడా, ఆన్‌లైన్‌లోనూ గుట్టలుగా ఉంటాయి. వాటికి డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందో అమ్మేవాడికే తెలియదు. ఏ కంపెనీది కొన్నా బాక్సు పారేయకండి, రిటర్న్ గడువులోపే అన్ని పరీక్షలూ ముగించండి.

7. బిగించడం

యూఎస్‌బీ అడాప్టర్ అయితే: ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ని నీలం పోర్టుకి గుచ్చి, అడాప్టర్‌ని బల్ల మీదికి, సీపీయూకి దూరంగా తెచ్చి పెట్టండి. ఈ కేబుల్ ఎందుకంటే, యూఎస్‌బీ 3.0 పోర్టులు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. హార్డ్ డిస్క్ పెట్టగానే వైఫై నెమ్మదించడం, వైర్‌లెస్ మౌస్ నత్తనడక నడవడం దీని వల్లే.

పీసీఐఈ కార్డు అయితే: సిస్టమ్ షట్ డౌన్ చేసి పవర్ కేబుల్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, పీకండి. పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. సీపీయూ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకొని, పక్క మూత తీసి, స్లాట్ ఎదురుగా ఉన్న రేకు ముక్క తొలగించండి. కార్డుని అంచులు పట్టుకొని నిటారుగా నొక్కి, స్క్రూ బిగించండి. యాంటెనాలను చేత్తోనే తిప్పండి, కటింగ్ ప్లేయర్ వాడితే మర చెడుతుంది.

ఇక్కడే చాలామంది ఒకటి మరిచిపోతారు. బ్లూటూత్ ఉన్న కార్డుతో పాటు ఒక చిన్న వైరు వస్తుంది. అది బ్లూటూత్‌ది. దాన్ని కార్డు నుంచి మదర్‌బోర్డు మీద “ఎఫ్_యూఎస్‌బీ” లేదా “యూఎస్‌బీ” అని రాసి ఉన్న 9 పిన్నుల హెడర్‌కి గుచ్చాలి. గుచ్చకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. హెడర్‌లో ఒక మూల పిన్ను ఉండదు, వైరు చివర అదే మూల మూసి ఉంటుంది. రెండూ కలిసేలా పెట్టండి, బలవంతం చేయకండి.

తర్వాత డ్రైవర్. నెట్ లేకుండా నెట్ డ్రైవర్ ఎలా దించాలి అన్నదే అందరి బాధ. పైన చెప్పిన యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి విండోస్ అప్‌డేట్ నడపండి, లేదా కంపెనీ సైట్ నుంచి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. కొత్త సిస్టమ్‌లో విండోస్ 11 ఎక్కిస్తుంటే నెట్‌వర్క్ అడిగే తెర దగ్గర ఆగిపోయినా మందు ఇదే. బాక్సులో ఇచ్చిన సీడీ వాడాల్సిన పని లేదు, సీడీ డ్రైవే ఎవరి దగ్గరా లేదు. కొన్ని డాంగిల్స్ గుచ్చగానే చిన్న సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. కంగారుపడకండి, డ్రైవర్ అందులోనే ఉంది. ఇన్‌స్టాల్ చేశాక అడాప్టర్‌గా మారుతుంది.

8. సరిచూసుకోవడం

వైఫై కనెక్ట్ అయింది కదా అని వదిలేయకండి. మూడు చూడాలి.

విండోస్ సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరవండి. ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, లింక్ స్పీడ్ కనిపిస్తాయి. బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ అని ఉండాలి. ఏసీ1200 అడాప్టర్ దగ్గర్లోనే ఉండి లింక్ 100 లోపు చూపిస్తే అది 2.4కి కలిసినట్టే.

ఫోన్‌ని అదే చోట, అదే బ్యాండ్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ పెట్టండి, వెంటనే సిస్టమ్‌లోనూ పెట్టండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే అడాప్టర్‌లో తప్పు లేదు. ఫోన్‌కీ తక్కువే వస్తుంటే గొడవ రౌటర్‌ది లేదా ప్లాన్‌ది. సిస్టమ్ ఒక్కటే వెనకబడితే అడాప్టర్‌నో, అది ఉన్న చోటునో అనుమానించాలి.

స్పీడ్ బాగుండి కాల్స్ తెగుతున్నాయంటే పింగ్ (రౌటర్‌కి ఒక చిన్న సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ కమాండ్, పక్కన రౌటర్ అడ్రస్, చివర హైఫన్‌తో టీ అక్షరం కొట్టండి. అడ్రస్ ఎక్కువ ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. కాసేపు వదిలేయండి. సమయం 5 మిల్లీసెకన్ల లోపు నిలకడగా ఉంటే మంచిది. మధ్యలో వందలు దాటుతున్నా, టైమ్డ్ అవుట్ అని వస్తున్నా లోపం ఇంట్లోనే ఉంది, కస్టమర్ కేర్‌తో గొడవపడి లాభం లేదు.

తరచూ వచ్చే చిక్కులు

ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపిస్తుంది, సిస్టమ్‌లో కనిపించదు. అడాప్టర్ సింగిల్ బ్యాండ్ కావచ్చు. డ్యూయల్ బ్యాండే అయితే రౌటర్ 52 నుంచి 144 మధ్య ఛానల్‌లో ఉండి ఉంటుంది, కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు వాటిని చూడలేవు. రౌటర్ అడ్మిన్ పేజీలో ఛానల్‌ని 36 లేదా 149కి మార్చండి. ఇలాగే 2.4లో 12, 13 ఛానళ్లు కొన్నిటికి కనిపించవు. అక్కడ 1, 6, 11లలో ఒకటి పెట్టండి.

పాస్‌వర్డ్ కరెక్టే, కలవడం లేదు. రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత అడాప్టర్లు కలవవు. డబ్ల్యూపీఏ2, 3 రెండూ కలిసిన ఎంపిక పెట్టండి. సెక్యూరిటీ మొత్తం తీసేయకండి, పక్కింటివాళ్లు సంతోషిస్తారు.

కాసేపు వదిలేసి వచ్చేసరికి వైఫై పోతుంది. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయవచ్చన్న టిక్ తీసేయండి.

ఎప్పుడూ 2.4కే కలుస్తుంది. అక్కడే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ ఉంటే 5 పెట్టండి. లేకపోతే రౌటర్‌లో రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టి, సిస్టమ్‌ని 5కే కలపండి.

ముందు వైపు పోర్టులో పెడితే ఊడిపోతూ ఉంటుంది. క్యాబినెట్ ముందు పోర్టుల వైర్లు చవకరకంవి కావడం మామూలే, అడాప్టర్‌కి కరెంటు చాలదు. వెనక పోర్టుకి మార్చండి. పవర్ లేని యూఎస్‌బీ హబ్‌కీ ఇదే జబ్బు.

ఇవన్నీ చూసినా దారికి రాకపోతే యూఎస్‌బీ అడాప్టర్‌ని ఎవరిదైనా ల్యాప్‌టాప్‌లో గుచ్చి, దాని సొంత వైఫై ఆపేసి పరీక్షించండి. అక్కడా అంతే ఉంటే బాక్సుతో సహా వెనక్కి ఇచ్చేయండి. అక్కడ బాగుంటే మీ సిస్టమ్ చిప్‌సెట్ డ్రైవర్, యూఎస్‌బీ పోర్టు చూపించుకోవాలి, ఇంకో డాంగిల్ కొనడం కాదు.